గాజు గోడ మీద గీత

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు పైడిరాజు. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు గాజు సామాను కడిగిన మనిషి. అబద్ధమాడే రకం కాదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ ల్యాబులో త్రినాథ్ అని పీహెచ్‌డీ చేసేవాడు. రెండు కొసలూ ఒకేలా ఉండే అణువును పట్టుకుని, ఒక కొస ముట్టకుండా రెండో కొసనే మార్చాడు. దానికే మూడేళ్లు పట్టింది. ఇక ఆ అణువులు ద్రావణంలో ఒకదాన్నొకటి వెతుక్కుని, ఆరేసి చొప్పున ఉంగరంలా వాటంతటవే చేరాలి. చేరి స్ఫటికం కడితేనే రుజువు. కట్టకపోతే పట్టా లేదు.

ఏడు నెలలైంది. ద్రావణం మంచినీళ్లలా అలాగే ఉంది. ఫెలోషిప్ గడువు ఇంకా ఆరు వారాలే.

దుమ్ము పడుతుందని తోటివాళ్లని పక్క గదికి పంపేశాడు. గాజు గొట్టానికి వెంట్రుకంత గీత కనబడినా పైడిరాజుకి తిప్పి పంపేసేవాడు. మధ్యాహ్నం గోడవతల నవ్వులు, గిన్నెల చప్పుడు వినబడుతుంటే, తను గొట్టాల ముందు స్టూలు మీద కూచుని చల్లారిన అన్నం తినేవాడు. మొదట్లో వాళ్లు పిలిచేవారు. తరవాత మానేశారు.

ఒకరోజు తన గైడు లింగమూర్తి మేష్టారి దగ్గరకెళ్లి, "ఇవి చేరవు మేష్టారూ. నా లెక్కే తప్పేమో," అన్నాడు.

మేష్టారు వచ్చి గొట్టాలు చూశారు.

"గొట్టం లోపల కడ్డీతో గోకి చూశావా?"

"అది చేతకానివాళ్ల పని కదండీ. వాటంతటవి చేరాలి గాని, మనం చెయ్యి పెడితే ఇంకేం గొప్ప?"

మేష్టారు బల్ల దగ్గరకి నడిచారు. కడిగిన గాజు కడ్డీ ఒకటి తీసి, అన్నిట్లోకీ మంచి గొట్టంలో దించి, లోపలి గోడ మీద కిర్రుమని గీశారు.

"అయ్యో! ఏడు నెలలండీ!"

"అంత నున్నటి గోడకి ఎవరానుకుంటారయ్యా?"

కడ్డీ, అక్కడే ఉన్న పైడిరాజు చేతికిచ్చి వెళ్లిపోయారు.

మూడో రోజు మధ్యాహ్నం ఆ గీత వెంబడే చీమ కన్నంత మెరుపులు, ఏడో ఎనిమిదో. త్రినాథ్ చాలాసేపు చూశాడు. మేష్టారి గదికి పరుగెత్తలేదు. క్యారేజీ పట్టుకుని పక్క గది గుమ్మంలో నిలబడ్డాడు.

లోపలివాళ్లు తలెత్తి చూశారు.

"ఏటి త్రినాథూ, దుమ్ములోకొచ్చేసావేటి?" అంది తోటి పరిశోధకురాలు నీలవేణి. అని, బల్ల మీద కొంచెం జరిగింది.

అతను కూచున్నాడు. క్యారేజీ విప్పాడు.

విభాగం వాళ్లు అచ్చేసిన స్వర్ణోత్సవ సంచికలో మాత్రం, అటెండరు గొట్టం సరిగ్గా కడక్కపోతే ఆ మురికి మీద స్ఫటికం కట్టిందని రాశారు. ఆ సంచిక వచ్చి పన్నెండేళ్లయింది. నేను మరవలేదు. పైడిరాజు కడిగిన గాజులో మురికి ఉండదు. గీసింది మేష్టారు. పైడిరాజు పోయాడు, ఇక అడగలేడు. చదువుకున్నవాళ్లెవరైనా ఆ పేజీ దిద్దండి.