ఆ మంటకు కట్టెలెక్కడివి?

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి.

జర్మనీలో మన తాలూకా పాటి సంస్థానం ఒకటుండేది. ఒక చలికాలం అక్కడి దొర, "అడవి మా వంశానిది. పుల్ల ఏరినా చెరసాలే!" అని చాటించాడు. ఊళ్లో పొయ్యిలు ఆరిపోయాయి. ఓటీలియా అనే ముసలమ్మ కట్టెల మోపుతో పట్టుబడింది.

అడవి తమదేనని చూపడానికి దొర ఊరందరి ముందూ తన వంశచరిత్ర చదివించాడు: "మూలపురుషుడు మంచులో కొయ్యబారి ఈ ఊరు చేరాడు. ఊరివాళ్లు మంటవేసి బతికించారు. తరవాత ఆయన్నే దొరను చేసుకున్నారు."

"విన్నావా ముసలీ, మా వంశం ఎంత పాతదో?"

"విన్నాను దొరా. ఆ మంటకు కట్టెలు ఎవరి అడవిలోవి? అప్పటికాయన ఇంకా దొర కాలేదుగా! అవీ దొంగకట్టెలేనంటారా, మీ మూలపురుషుడు దొంగకట్టెల మంటతో బతికాడని పుస్తకంలో రాయించండి."

దొర పుస్తకం మూయించి, మోపు ఆమెకిచ్చి పంపేశాడు. ఆ చాటింపు మళ్లీ వినబడలేదు.

సరే, మీ ఇళ్లల్లో పొయ్యి మీద అన్నం ఉడికే ఉంటుంది. లేవండి, వెళ్లి తినండి.