కుళ్లాయమ్మ హెల్మెట్

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఇది జరిగిన ఊరికీ మనం ఉంటున్న ఊరికీ మధ్య ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం ఉంది, మీ చెవిదాకా ఎలా వస్తుంది? మీరు ఆడే సాఫ్ట్‌బాల్ మన వైపు ఎవరికీ తెలియదనుకుంటున్నారు కదా. తెలుసు. వేరుశనగ చేల పక్కన, ఎర్రమట్టి మైదానాల్లో, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని మరీ ఆడతారు. రేపు మీరు ఆటకు వెళ్లేలోపు ఇది కాస్త వినండి.

నల్లగుట్లపల్లె హైస్కూలు మైదానంలో పీరయ్య మాస్టారు ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేవారు. ఆయన దగ్గరే ఆడి, ఆయన దగ్గరే పెద్దదై, ఇప్పుడు ఆయన దగ్గరే నేర్పడం నేర్చుకుంటున్న పిల్ల హైమ.

హైమది భయస్థురాలి జాగ్రత్త. పొయ్యి ఆర్పిందో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వెళ్లి చూసుకునే రకం. అందుకేనేమో, పిల్లల తలలు కొలిచి ఎవరి హెల్మెట్ వాళ్లకు పెట్టే పని మాస్టారు ఆమెకే ఇచ్చారు.

ఆ పని ఆమె పూజలా చేసింది. ఆదివారం సాయంత్రం, పిల్లలందరూ తలంటు పోసుకుని ఒత్తైన జుట్టు విరబోసుకుని ఉన్న వేళ, ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుంది. కుట్టుపనివాళ్ల టేపు తీసి, కనుబొమలకు రెండు వేళ్ల పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా తల వెనక ఉబ్బుదాకా చుట్టి కొలిచింది. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది. హెల్మెట్ పెట్టిన ప్రతి పిల్లనూ అడిగింది.

"సరిపోయిందా?"

"సరిపోయిందక్కా."

అందరూ అదే మాట అన్నారు. ఆ రాత్రి హైమ హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం ఆట నేర్చుకుంటుండగా కుళ్లాయమ్మ అనే పిల్ల బంతిని కొట్టి మొదటి బేసు వైపు పరుగు తీసింది. నాలుగడుగులు వేసిందో లేదో హెల్మెట్ జారి ముక్కు మీదికి వచ్చింది. ఒక చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి గాలిలో తడుముకుంటూ, దారి కనపడకుండానే పరుగెత్తింది. అవతలినుంచి విసిరిన బంతి ఆమె చెవి పక్కగా ఈలవేసుకుంటూ పోయింది. కుళ్లాయమ్మ బేసు మీద బోర్లా పడింది.

"కుళ్లాయమ్మకే కుళ్లాయి నిలవలేదే" అని ఎవరో అన్నారు. కుళ్లాయి అంటే మన వైపు టోపీ. అందరూ నవ్వారు. మట్టి దులుపుకుంటూ కుళ్లాయమ్మ కూడా నవ్వింది.

హైమ నవ్వలేదు. ఆ బంతి ఈల ఆమె చెవిలోనే ఉండిపోయింది.

మరునాడు పక్క ఊరి జట్టుతో ఆట. హైమ అందరికన్నా ముందు వచ్చింది. మార్గశిరం మంచు మైదానాన్ని పూర్తిగా కప్పేసింది. గుట్ట లేదు, గోడ లేదు, తను నడుస్తున్న కాళ్లు కూడా మోకాళ్లదాకానే ఉన్నాయి. ఎక్కడో మేకల మెడలో గంటలు మోగుతున్నాయి, మేకలు మాత్రం లేవు. ఆ తెల్లదనంలోంచి ముందు సామాన్ల గది మెట్లు తేలాయి, తర్వాత మెట్ల మీద కూర్చున్న మాస్టారు.

తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్లో వేరుశనగకాయలు పోసుకుని, తడిగుడ్డతో హెల్మెట్లు తుడుస్తున్నారు. తుడిచినవి చాప మీద నిద్రపోతున్న తాబేళ్లలా ఉన్నాయి.

"సార్, ఈ పొద్దు కుళ్లాయమ్మను ఆడించొద్దు."

మాస్టారు చెయ్యి ఆగలేదు. "ఎందుకమ్మా?"

"ఆ పాప అబద్ధం చెప్పింది సార్. సరిపోయిందా అని నేను అడిగినా. సరిపోయిందనె. నిన్న చూస్తిరి గదా."

"నీ కొలత?"

"కొలతలో తప్పు లేదు సార్. రెండు మాట్లు కొల్చినా."

మాస్టారు ఒక కాయ వొలిచి నోట్లో వేసుకున్నారు. "రోకలి తీసుకుని బ్యాటు మాదిరి తిప్పుతాంటాదంట ఇంట్లో. వాళ్లమ్మ నాతో కొట్లాటకొచ్చె. పిండి దంచేదానికి రోకలి దొరకడం లేదంట. ఈ పొద్దు కోసమే చూస్తాంది ఆ పాప."

"చూడనీ సార్. తల పగిలితే ఏం చూస్తాది?"

"అదీ నిజమే. నువ్వు వద్దంటే వద్దులే." ఆయన తడిగుడ్డ పిండి పక్కన పెట్టారు. "అంతకు ముందు నాకొకటి పెట్టు."

"మీకా సార్?"

"ఏం, నాకు తల లేదా?"

పరీక్ష పెడుతున్నారని హైమకు అర్థమైంది. లోపల కాస్త సంబరం కూడా కలిగింది. టేపు తీసింది. తువ్వాలు తీయండని గురువుతో అనడానికి నోరు రాక, దాని మీదుగానే చుట్టి కొలిచి, గుడ్డ మందం ఇంత ఉంటుందిలే అని మనసులో తీసేసింది. చాప మీద వెతికి ఒక హెల్మెట్ తెచ్చింది. మాస్టారు తువ్వాలు విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నారు. తల కొలతే చూడాలని పట్టీ బిగించకుండా, నెరిసిన జుట్టు మీద హైమ దాన్ని రెండు చేతులా దించింది.

"సరిపోయిందా సార్?"

"సరిపోయింది."

"బిగుతుగా లేదు గదా?"

"లేదు."

"కండ్లకు అడ్డం రాలేదు గదా?"

"రాలేదు పాపా. శానా బాగుంది."

హైమ ఒకడుగు వెనక్కి వేసి తృప్తిగా చూసుకుంది. మాస్టారి ఒళ్లోంచి ఒక వేరుశనగకాయ మెట్టు మీద పడింది. ఆయన తీసుకోవడానికి వంగారు. హెల్మెట్ జారి మెట్ల మీదుగా టకటకమని దొర్లుకుంటూ పోయింది. మంచు దాన్ని మింగేసింది. చప్పుడు కూడా లేదు.

హైమ వెళ్లి వెతికింది. కాసేపు ఆమెకు ఎటు నుంచి వచ్చిందో కూడా తెలియలేదు. చుట్టూ పాలలాంటి తెలుపు, దూరంగా ఆ గంటలు. కాలికి తగిలాక చూస్తే హెల్మెట్ వెల్లకిలా పడి ఉంది. లోపల తల ఉండాల్సిన చోట కొంచెం మంచు ఉంది.

తెచ్చి, తుడిచి, మళ్లీ పెట్టింది. ఈసారి గట్టిగా అదిమి పెట్టింది.

"ఇప్పుడు సార్? సరిపోయిందా?"

"సరిపోయింది."

మాస్టారు మళ్లీ వంగారు. అది మళ్లీ దొర్లింది. ఈసారి హైమ కాలు అడ్డం పెట్టి ఆపింది.

"సార్, మీరే సరిపోయిందంటిరి గదా."

"అంటిని."

"మరి?"

మాస్టారు తువ్వాలు దులిపి మళ్లీ తలకు చుట్టుకున్నారు.

"నువ్వు అంత ఆశగా అడిగితివి పాపా. కాదని ఎట్ల చెప్పేది?"

తడిగుడ్డ అందుకుని ఇంకో హెల్మెట్ తుడవడంలో పడ్డారు.

హైమ దొర్లిన హెల్మెట్ తీసి చాప మీద పెట్టింది. మంచులోంచి ముందు పిల్లల మాటలు వచ్చాయి, తర్వాత రిబ్బన్లు, ఆ తర్వాత పిల్లలు. చివరగా వచ్చిన కుళ్లాయమ్మ ఎవరూ పిలవకముందే చాప దగ్గరికి పోయి, ఆదివారం హైమ తనకు పెట్టిన, పెద్ద పిల్లలు పెట్టుకునే ఎర్ర హెల్మెట్ తీసి తలకు తగిలించుకుని, నిటారుగా నిలబడింది.

"సరి..." అనే మాట హైమ నాలుక మీదికి వచ్చింది. మింగేసింది.

దగ్గరికి వెళ్లి హెల్మెట్‌కు అటూ ఇటూ అరచేతులు ఆనించి మెల్లగా తిప్పింది. హెల్మెట్ తిరిగింది. ముఖం తిరగలేదు. కుళ్లాయమ్మ కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

"భూమికి దండం పెట్టు."

కుళ్లాయమ్మ వంగింది. ఆమె చేతులకన్నా ముందు హెల్మెట్ నేలను తాకింది.

"అయితే ఇంగ నేను ఆడేది లేదా అక్కా?" అంది, లేవకుండానే.

హైమ చాప వైపు తిరిగింది. చాప చివర, రంగు వెలిసిన నీలం హెల్మెట్ ఒకటి ఉంటే తీసింది.

"అది చిన్నపిల్లలదక్కా."

"ఎవరన్నారు?"

"అందరూ. అది పెట్టుకున్నోళ్లకు బ్యాటు ఇయ్యరంట. బంతులు ఏరే పనికి పంపుతారంట."

హైమ ఆ పిల్లను తన ముందు, కింది మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. నీలం హెల్మెట్ పెట్టి చూస్తే చెవుల పైనున్న రిబ్బను ముడుల మీద ఎత్తుగా నిలిచింది. ముడులు విప్పింది. మడతలు విప్పింది. ఆదివారం కొలిచినప్పుడు గుప్పిటకు పట్టనంత ఉన్న జుట్టు, నూనె రాసి దువ్వేసరికి ఇంతే అయింది. అది ఆమె వేళ్లకు తెలిసింది. తను కొలిచింది తలను కాదు, ఆ జుట్టును. పాయలు తీసి, మెడ దగ్గర కిందుగా ఒకటే జడ అల్లడం మొదలుపెట్టింది. మంచు వెనక ఎక్కడో సూర్యుడు నిమ్మపండంత అయ్యాడు.

ఇప్పుడు హెల్మెట్ తనంతట తాను దిగింది. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఆగింది. హైమ అరచేతులు ఆనించి కదిపితే నుదుటి చర్మం కూడా దానితోపాటు కదిలింది, నీటి మీద చిన్న అలలా. గడ్డం కింద పట్టీ బిగించి, ఒక వేలు దూర్చి చూసింది. వంగమంది. దుమకమంది. చివరికి వెనక్కి వెళ్లి, చెవి దగ్గరున్న రంధ్రానికి దూరంగానే నిలబడి, గుసగుసగా అంది.

"ఎడమ చెయ్యి ఎత్తు."

ఎడమ చెయ్యి లేచింది.

"చూడండే, చిన్నపిల్లల కుళ్లాయి" అని వెనకనుంచి నవ్వు వినిపించింది.

హైమ తిరిగి చూసింది. "అందరూ రాండి. పట్టీలు ఇప్పి, వరసగా నిలబడి భూమికి దండం పెట్టండి."

పెట్టారు. బండి మీది గుమ్మడికాయలు ఒక్కసారి ఒలికిపోయినట్టు హెల్మెట్లు మైదానం మీద దొర్లాయి. నవ్విన పిల్లదే అన్నిటికన్నా దూరం పోయింది.

ఆ పొద్దు ఆట ఆలస్యంగా మొదలైంది. పక్క ఊరి వాళ్లు గొణిగారు. మాస్టారు వాళ్లకు వేరుశనగకాయలు పెట్టి కూర్చోబెట్టారు. హైమ ఒక్కొక్క తల దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని లేచింది. టేపు ఆమె భుజం మీదే ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు.

కుళ్లాయమ్మ వంతు వచ్చేసరికి మంచు పలచబడింది కానీ పోలేదు. బంతి విసిరిన పిల్ల నీడలా కనిపించింది. బంతి కనపడలేదు. బ్యాటుకు తగిలిన చప్పుడు మాత్రం గుట్ట దాకా పోయి తిరిగొచ్చింది.

మాస్టారు వచ్చి హైమ పక్కన నిలబడ్డారు.

"సరిపోయిందా పాపా?"

హైమ మైదానం వైపు చెయ్యి చూపింది.

ఆ తెల్లదనంలో కుళ్లాయమ్మ పరుగెత్తుతోంది, రెండు చేతులూ ఊపుకుంటూ.

ఇంతే పిల్లలూ. ఇప్పుడు మీ హెల్మెట్లు తీసుకుని ఇలా రండి. నేనేమీ అడగను, ఒక్కసారి భూమికి దండం పెట్టండి చాలు. ఈ కథను మాత్రం మీ దగ్గర ఆపేయకండి. మీకన్నా చిన్నవాళ్లు ఎవరైనా మీ ముందుకొచ్చి తల వంచి నిలబడిన రోజున, మీకు ఏ భాషలో చేతనైతే ఆ భాషలోనే, వాళ్లకు చెప్పండి.