ఈస్టుకూ ఈగకూ చుట్టరికం

అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు పరాంకుశంగారికి లేదు. శిష్యులెవరైనా వెళ్ళి ఏదైనా అడిగితే, కళ్ళజోడు పైకి తోసుకుని ఓ పని పురమాయిస్తారు. ఆ పని చేసుకొచ్చేసరికి అడిగినవాళ్ళకు అసలు ప్రశ్నే మారిపోయి ఉంటుంది. విశాఖపట్నంలోని ఆయన ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు. దీన్ని కొందరు గొప్ప బోధన అన్నారు, కొందరు పెద్దాయన బద్ధకం అన్నారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కృపావతి ఐదేళ్ళుగా రెండో పక్షంలోనే ఉంది.

ఆమె పని పోలికలు చూడటం. కణంలో తెగిన డీఎన్ఏను అతికే ప్రోటీన్ ఒకటుంది. ఈస్టులో ఉంది, ఎలుకలో ఉంది, మనిషిలోనూ ఉంది. ఆ ప్రోటీన్‌లో వరుసగా ఉండే అమైనో ఆమ్లాలకు ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తు. ఆ అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఎక్కడ కలిశాయో ఎక్కడ మారాయో చూస్తే, ఏ రెండు జీవులు ఎంతకాలం కిందట విడిపోయాయో ఓ అంచనా దొరుకుతుంది. రైతుబజారులో అరటిపళ్ళ మీద ముసిరే ఒక రకం పళ్ళ ఈగలో ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును ఇంతవరకు ఎవరూ చదవలేదు. కృపావతి చదివింది, చదివి నిర్ఘాంతపోయింది. ఈగదీ ఈస్టుదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకటే.

మిగతా ప్రయోగశాలల్లో పెంచే పళ్ళ ఈగల్లో సగానికి పైగా అక్షరాలు మారిపోయాయి. మన బజారు ఈగ మాత్రం వంద కోట్ల ఏళ్ళుగా చెక్కుచెదరలేదన్నమాట. ఆ సంగతి రాసి పంపితే బెంగుళూరు సదస్సువాళ్ళు ఆమెకు ఏకంగా అరగంట సమయమిచ్చారు. ఫెలోషిప్ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. థీసిస్‌లో మిగిలిన చివరి అధ్యాయం ఇదే. సదస్సు ఇరవై రోజులుందనగా కృపావతి నాలుగు జీవుల అక్షరాలూ వరసలుగా పేర్చిన కాగితం పట్టుకుని గురువుగారి గదికి వెళ్ళింది.

"సార్, పోలిక ఇంత ఉంటే చుట్టరికం రుజువైనట్టే కదా?"

ఆయన నాలుగు వరసలూ పైనుంచి కిందికి చూశారు. ఈగలకు ఏం పెడుతున్నావమ్మా అని అడిగారు. కృపావతికి ఒళ్ళు మండింది. ప్రపంచం ఎరగని సంగతి తెచ్చి చూపిస్తే ఈయనకు ఈగల భోజనం మీద పడింది ధ్యాస. అయినా చెప్పింది. మొక్కజొన్న పిండి, బెల్లం, గడ్డకట్టడానికి అగర్ వేసి కాచిన జావ, పైన చిటికెడు ఈస్టు. ప్రతి సోమవారం తన చేత్తోనే కాస్తుంది.

"అయితే ఆ జావ ఒక్కటే పరీక్షకు పెట్టు, ఈగలు లేకుండా. పక్కన ఈగల తలలు మాత్రం కోసి పెట్టు."

మర్నాడు మధ్యాహ్నానికి, జన్యువు దొరికితే గీతగా చూపించే జెల్ పలక సిద్ధమైంది. లైటు వేసి చూస్తే జావ పెట్టిన వరసలో గీత ధగధగా మెరుస్తోంది. తలల వరస ఖాళీ.

ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కరలేకపోయింది. ఇన్నాళ్ళూ ఈగల్ని కడుపులతో సహా నూరింది. ఆ కడుపుల నిండా ఈస్టే. జన్యువును పట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలను, ప్రైమర్లనైనా వేరేగా చేసుకుందా అంటే అదీ లేదు, ఈస్టు అక్షరాలను బట్టే చేసుకుంది. గాలమూ ఈస్టుదే, చేపా ఈస్టుదే. కృపావతి స్టూలు మీద కూలబడి ఏడ్చింది. బెంగుళూరులో ఎవరూ జావను పరీక్షకు పెట్టరు కదా అని కూడా ఒక్క నిమిషం అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత సిగ్గుపడింది గానీ, వచ్చిన మాట నిజం.

బజారు ఈగకు దగ్గరి బంధువులైన ఈగల అక్షరాలను బట్టి కొత్త ప్రైమర్లు తెప్పించుకుంది. తలలు మాత్రమే నూరింది. పది రోజులకు అసలు జన్యువు చేతికొచ్చింది. దాని ప్రోటీన్‌లో నూటికి నలభై ఆరు అక్షరాలే ఈస్టుతో కలిశాయి. మిగతా ఈగల్లాగే ఇదీ ఓ ఈగ. ఇందులో వింతేమీ లేదు. ముందు పంపినది పొరపాటని, ఉపన్యాసం మానుకుంటున్నానని సదస్సువాళ్ళకు ఉత్తరం రాసి, పంపబోయే ముందు గురువుగారికి చూపించింది.

ఆయన ఉత్తరం చదివి పక్కన పెట్టారు. కొత్త వరసల కాగితం బల్ల మీద పరిచి ఎర్ర పెన్సిలు అందుకున్నారు. ఈస్టు, ఈగ, ఎలుక, మనిషి. ఓ చోట నాలుగు వరసల్లోనూ పదకొండు అక్షరాలు వరుసగా ఒకేలా ఉన్నాయి. వాటి చుట్టూ సున్నా చుట్టారు. పొరపాటని రాయడం బాగుందని, రానని ఎందుకు రాసినట్టని అడిగారు. చెప్పడానికి ఇంకేం మిగిలిందని ఆమె అంది. పరాంకుశంగారు కాగితం ఆమె వైపు తిప్పారు.

"ఇన్ని కోట్ల ఏళ్ళు ఎవరి బతుకు వాళ్ళు బతికారు కదమ్మా. దొరికిందల్లా మార్చుకున్నారు. మారిస్తే ఏం పోతుందని ఈ పదకొండింటి జోలికి మాత్రం ఒక్కరూ పోలేదు? వెళ్ళి అది చెప్పు."