అసిరమ్మ ఉసిలి

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. ఆ కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులు. కొండల నడుమ పెద్ద చెరువు, గట్టున నాలుగు గుడిసెలు, చివరి గుడిసెలో అసిరమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చిరిగిన వలలు బాగుచేసి గంజి తాగేది.

ఆ చెరువులో వెండిచేపలుండేవి. ఏడాదంతా అడుగునే తిరిగేవి. తొలకరి పడి, పుట్టల్లోంచి ఉసిళ్ళు రెక్కలతో లేచి నీళ్ళ మీద రాలితేనే పైకొచ్చేవి. అప్పుడే పట్టాలి, అప్పుడే తినాలి. ఊరంతా తినేది, అసిరమ్మ ముట్టేది కాదు.

ఒక ఎండాకాలం పక్కింటి తవిటి నెల తప్పింది. ఏం తిన్నా కక్కేస్తోంది. వెండిచేప తినాలనుందని ఏడ్చింది. మొగుడు నవ్వాడు.

"ఉసిళ్ళు నేకుండా సేపెలాగొస్తాది? వానలొచ్చేదాకా ఓర్సుకో."

ఆ మాట అసిరమ్మ చెవిన పడింది. ఒకప్పుడు తను కడుపుతో ఉండి ఆ చేపే అడిగితే తన మొగుడూ సరిగ్గా ఇదే మాట అన్నాడు. మగాళ్ళకి ఈ మాట ఎవరు నేర్పుతారో గాని! వానలు రాకముందే బిడ్డ పుట్టింది, కళ్ళు తెరవకుండానే పోయింది. చేప దక్కకే పోయిందో, కాదో, ఎవరికి తెలుసు? అసిరమ్మ మాత్రం అలాగే అనుకుంది. బిడ్డకి దక్కని రుచి తనకెందుకని ఆ చేప ముట్టలేదు. ఆశ పోయిందా? పోలేదు. చేప వండిన ఇంటి ముందు నుంచి వెళ్తే నోరూరేది, వెంటనే కళ్ళూ నిండేవి.

"ఉసిళ్ళు నేకపోతే నాను సేస్తాను" అంది. ఊరు పకపకా నవ్వింది.

కోడి ఈకతో ఉసిలి కట్టి, గాలానికి తగిలించి విసిరింది. చేప పైకొచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. కొంగ ఈకతో కట్టింది. చేప పైకొచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. అసలు ఉసిలి నీళ్ళ మీద వణుకుతుంది. తన ఉసిలిని నారతాడు బరువు ముంచేస్తోంది. అప్పుడు పావురం మెడ కింది నూగు తెచ్చి కట్టింది. తాడు బదులు తన నెరిసిన జుట్టే పేనింది. ఊపిరి బిగబట్టి విసిరింది. చేప పైకొచ్చింది. చూడలేదు. గుటుక్కున మింగేసింది.

పులుసు కాగింది. తవిటి కంచం ముందు కూర్చుంది గాని చెయ్యి పెట్టలేదు.

"ముందు నువ్వు తినత్తా."

"నాకెందుకే తల్లీ? కోరిక నీది."

"నీదీ ఉంది. మా ఇంట్లో ఈ సేప వండినప్పుడల్లా నువ్వు మొకం తిప్పుకుంతావు, నాను సూడనేదా? నువ్వు తింతేనే నాను తింతాను."

అసిరమ్మ చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది.

"ఇంత బాగుంతాదా!" అంది ఏడుస్తూ. "నా బిడ్డ ఇదే అడిగింది."

తవిటికి ఆడపిల్ల పుట్టింది, కళ్ళు తెరిచింది. అసిరమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్కలేదు. ఆ చెరువు చుట్టుపక్కల ఈకతో కట్టిన ఎరని ఇప్పటికీ అసిరమ్మ ఉసిలి అనే అంటారు. ఏ ఇంట్లో పిల్ల నెల తప్పినా ఏం తినాలనుందని అడుగుతారు. అక్కడితో ఊరుకోరు. ఆ ఇంటి ముసలమ్మ దగ్గరా కూర్చుని, "మామ్మా, నీకప్పుడేటి దొరకనేదు?" అంటారు. ఆవిడ ఏది చెబితే అది వండి, ముందు ఆవిడకే పెడతారు.

ముసలమ్మలు వెంటనే చెప్పరు. అడిగినవాళ్ళు లేవరు, అలాగే కూర్చుంటారు.