ఒకే కర్రకు కట్టిన పడుగులు

భద్రవ్వకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న పట్టుకొని వస్తే ముందు వాళ్ళ చేతికి పని ఇచ్చేది. చేతులు ఖాళీగా పెట్టుకొని అడిగే ప్రశ్నలో సగం గాలేనని ఆమె నమ్మకం. చిలకలమిట్ట సంస్థానంలో నేతవీధి చివరి ఇల్లు ఆమెది. బడి గడప తొక్కలేదు. నూలు చుట్టి వచ్చిన కాగితాల మీది అక్షరాలతో మొదలుపెట్టి, దొరికిందల్లా చదివి, ఊళ్ళో ఆడపిల్లలకు చదువూ లెక్కలూ చెప్పిన మనిషి. ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళందరిలోకీ పెద్ద బరువు మోస్తున్నది తాయారు. తండ్రి దొర పోయాక సంస్థానం నడుపుతున్నది ఇరవై ఆరేళ్ళ ఆ పిల్లే. ఆడదాని వేలికి ముద్ర ఉంగరం ఏమిటని గొణిగిన పెద్దమనుషులు లేకపోలేదు. తమ చేతిలో ఉన్నన్నాళ్ళు ఖజానాను ఏం చేశారో అందరికీ తెలుసు కనుక ఆ గొణుగుడు గొంతు దాటి బయటికి రాలేదు.

ఆ రోజు తెల్లవారుతుండగానే తాయారు పల్లకీ లేకుండా కాలినడకన వచ్చింది. కళ్ళు చూస్తే నిద్రపోయినట్టు లేదు.

"అవ్వా, మన చిలక రూకను ఉంచమంటావా, తీసేయమంటావా?"

చిలక బొమ్మ ముద్రతో చిలకలమిట్టకు సొంత రూక ఉంది. పత్తి బాగా పండిన ఏడు బయటి సంతలో దానికి నాలుగు శేర్ల ఉప్పు ఇస్తారు. పంట ఎండిన ఏడు రెండు శేర్లే, అదీ మూతి విరుస్తూ కొలుస్తారు. ఏటికి దిగువన ఉన్న నాలుగు సంస్థానాలు తమ తమ రూకలు కరిగించి, అందరికీ ఒకటే కలశం రూక చేసుకున్నాయి. దాని విలువ అంతగా కదలదు. మీరూ వచ్చి కలవండని చెప్పడానికి వచ్చిన వాళ్ళ రాయబారి మూడు రోజులుగా తాయారు ఇంట్లో నేతి బొబ్బట్లు తింటూ కూర్చున్నాడు. సాయంత్రానికి జవాబు కావాలి. అవునన్నా కాదన్నా ముద్ర వేయవలసింది ఈమె. తప్పని తేలితే ఉప్పు లేని గంజి తాగేది ఈ వీధి.

"జవాబుకేం తొందర? ముందు ఈ తాడు పట్టుకో" అంది భద్రవ్వ.

మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం అక్కడి పద్ధతి. అలా సాచిన దారాలనే పడుగు అంటారు. ఒక కొస గుంజకు కడతారు, రెండో కొస తాడు మనిషి చేతిలో ఉంటుంది. గంజి ఆరేకొద్దీ నూలు బిగుస్తుంది, అప్పుడు తాడు వదలాలి. చెమ్మగాలి తగిలితే జారుతుంది, అప్పుడు లాగాలి. వదలడమూ లాగడమూ పెద్ద విద్యేమీ కాదు గానీ, చేతులు కాయలు కాస్తాయి, చూపు పక్కకు పోకూడదు. భద్రవ్వ పడుగు సన్న నూలుది, నెల రోజుల కష్టం. ఆ వీధిలో అంత సన్నది ఇంకెవరూ వేయరు.

జాములో సగం గడిచేసరికి తాయారు అరచేతులు ఎర్రబడ్డాయి. ఎండ వస్తే వదిలింది, మబ్బు వస్తే లాగింది, మళ్ళీ వదిలింది. పక్కనేమో బసవయ్యా ఈరప్పా మరొకాయనా తమ మూడిళ్ళ ముతక పడుగులను ఒకే అడ్డకర్రకు కట్టి, ఆ కర్ర తాడును గుంజకు చుట్టేసి, వక్కాకు వేసుకుంటూ అరుగు మీద హాయిగా కూర్చున్నారు.

"ఏం దొరసానీ, ఉంగరాల చేతికి తాడు బరువైందా?" అంది బసవయ్య పెళ్ళాం సుంకమ్మ కుంచె ఆపకుండానే.

"బరువే. ఈ రూకా ఇంతే కదా, రోజుకో ఆట. సుంకమ్మా, నువ్వు చెప్పు, రూక పడిపోయిన ఏడు ఎలా ఉంది?"

సుంకమ్మ కన్నా ముందు బసవయ్య అందుకున్నాడు. "ఆ ఏడే కదా దొరసానీ బయటి సేట్లు బళ్ళు కట్టుకొని వచ్చింది! మన రూక చవకైతే మన చీరా వాళ్ళకు చవకే కదా. అప్పు తెచ్చిన నూలైతేనేం, వీధిలో ఒక్క మగ్గం ఆగలేదు."

"ఆగలేదు, నిజమే" అంది సుంకమ్మ. "ఈయన మగ్గం ఆపలేదు, నేను చప్పటి కూర వండటం ఆపలేదు. అదీ చెప్పవయ్యా."

అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. తాయారు నవ్వలేదు. తాడు వంకా అడ్డకర్ర వంకా మార్చి మార్చి చూసింది. "అవ్వా, మన పడుగునూ ఆ కర్రకే కట్టేద్దామా?"

భద్రవ్వ గంజి కుండలోంచి తల ఎత్తలేదు. "తాడు నీ చేతిలో ఉంది. నన్నెందుకు అడుగుతావు?"

కట్టేసింది. బసవయ్య కాదనలేదు, జరిగి చోటిచ్చాడు. ఎంత సుఖమో! నాలుగు పడుగులూ ఒక్క తీరుగా నిలబడ్డాయి. చేతులు ఖాళీ అయ్యాయి. రాయబారి చేతికివ్వవలసిన ఉత్తరం తాయారు మనసులో అప్పుడే సగం రాసేసుకుంది కూడా.

ఎండ వీధిలోకి దిగింది. సన్న నూలు ముందు ఆరుతుంది. ముతక నూలు గంజి తాగి ఇంకా బరువుగా వేలాడుతూనే ఉంది. భద్రవ్వ పడుగు వీణ తీగల్లా బిగిసింది. తాయారు లేచి కర్ర దగ్గరికి పరుగెత్తింది.

"బసవయ్యా, కాస్త వదులు చేయండి, తెగిపోయేట్టుంది!"

"వదిలితే మా మూడూ మట్టిలో పడతాయి దొరసానీ. అవీ నెల కష్టమే కదా."

అతని మాటలో అబద్ధం లేదు. ఆమె మాటలోనూ లేదు. ఇంతలో టప్పుమని ఒక దారం తెగింది. వెనకే ఇంకొకటి. తాయారు రెండు చేతులతో పడుగును గుండెకేసి పట్టుకొని కట్టు విప్పేలోగా పదిహేడు దారాలు తెగి వేలాడాయి. ఆ పిల్లకు ఏడుపు వచ్చేసింది. సంస్థానం ఏలే మనిషని మరిచి నడివీధిలో ఏడ్చింది.

ఈరప్ప అరుగు మీది నుంచి చూసి, "మావి తెగలేదు లెండి" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. తెగనివాళ్ళు అందరూ అనే మాటే అన్నాడు.

సుంకమ్మ మాత్రం కుంచె కింద పెట్టింది. ఎవరూ పిలవలేదు. పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చి, దారం జారకుండా వేళ్ళకు రాసుకొని, భద్రవ్వ పడుగు కింద గొంతుక్కూర్చొని, తెగిన కొస వెతికి పట్టి మెలివేసింది. "ఎందుకే, మన గంజి ఆరిపోతోంది!" అని బసవయ్య కేకేశాడు. "ఆరితే ఆరనీ. మనదైతే ఆమె రాకపోయేదా? నువ్వొచ్చి ఆ తాడు పట్టుకో, నోరు ఖాళీగానే ఉంది, చేతులు కూడా ఖాళీగా పెట్టుకోకు" అంది. బసవయ్య తల గోక్కుంటూ వచ్చి పట్టుకున్నాడు. పదిహేడు దారాలూ అతుక్కునేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

భద్రవ్వ చిన్న గిన్నెలో వెన్న తెచ్చి, తాయారును అరుగు మీద కూర్చోబెట్టి, బొబ్బలెక్కిన అరచేతులకు రాసింది. చిన్నప్పుడు పలక జారి వేలు నలిగిన రోజు కూడా ఇలాగే రాసింది.

"తెగుతాయని నీకు ముందే తెలుసు కదా అవ్వా. నెల కష్టం. ఒక్క మాట చెబితే సరిపోయేది."

"చెప్పిన మాట సాయంత్రానికి మరిచిపోతావు. బొబ్బ నాలుగు రోజులైనా ఉంటుంది."

"అయితే వాళ్ళతో కలవొద్దంటావు. మన తాడు మన చేతిలోనే ఉండాలంటావు."

"నేనెక్కడ అన్నాను? అరవై ఏళ్ళుగా ఆ తాడు లాగీ వదిలీ నా భుజాలు పడిపోయాయి. రేపటి నుంచి నా పడుగునూ వీళ్ళ కర్రకే కడతాను." భద్రవ్వ ఆమె వేళ్ళు మెల్లగా ముడిచి, రెండు చేతుల మధ్య పెట్టుకుంది. వీధిలో సుంకమ్మ బూడిద చేతులు చీరకు తుడుచుకుంటూ, తన పడుగు మీద మళ్ళీ నీళ్ళు చిలకరిస్తోంది.

"ఇంటికి పోయి నీ రాయబారిని ఒక్కటే అడుగు తల్లీ. మన దారం తెగిన నాడు ఆ నలుగురు దొరల్లో సుంకమ్మ ఎవరూ అని."