చిటికెడు విభూతి

నంజుండప్పకు మాస్కు వేసుకోవడమంటే నామోషీ.

హిందూపురం బయట, కరెంటు వైర్లమీద తొడిగే ప్లాస్టిక్ తయారుచేసే ఫ్యాక్టరీలో, పొడులు కలిపే షెడ్డుకు అతను మేస్త్రీ. మన ఇళ్ల గోడల్లో వైరు ఉంటుంది చూడండి, ఎప్పుడైనా షార్టయితే దానిమీది ప్లాస్టిక్ అంటుకుని మంట ఇల్లంతా పాకకూడదు కదా. అందుకని ఆ ప్లాస్టిక్‌లో ఒక తెల్లపొడి కలుపుతారు. యాంటిమొనీ అంటారు దాన్ని. మైదాపిండి కన్నా మెత్తన. వాసన లేదు, ఘాటు లేదు, చేతిమీద పడితే చురుక్కుమనదు. ఎవరి ఇంట్లోనో రాబోయే మంటను ముందే ఆపి పెట్టే పొడి. ఎంత పుణ్యమైన పని!

అయితే అది ఊపిరితో లోపలికి పోకూడదు. ఏళ్లతరబడి పోతే ఊపిరితిత్తులకు చేటు. అందుకే ఫ్యాక్టరీవాళ్లు మూతికీ ముక్కుకూ బిగుతుగా పట్టే మాస్కులిచ్చారు, చేతులకు తొడుగులిచ్చారు. పనిగుడ్డలు అక్కడే విప్పి, స్నానం చేసి ఇంటికి పొమ్మని ఒక గది కట్టించారు. కింద పడ్డ పొడిని చీపురుతో ఊడవొద్దు, పీల్చే మిషనుతో తీయండి, లేదంటే తడిగుడ్డతో తుడవండి అని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించారు.

ఆ గోడకే వీపు ఆనించి నిలబడేవాడు నంజుండప్ప. సంచి మూతి కోసి, పైనుంచి కలిపే తొట్టిలోకి ఒక్కసారిగా గుమ్మరించేవాడు. తెల్లటి మబ్బు లేచేది. అతను ఆ మబ్బులోంచి మీసం తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. సాయంత్రం చీపురుతో నాలుగు ఊడ్పులు, చొక్కాకు రెండు దులుపులు. ఇంటికి.

ఆ షెడ్డులోనే బాబయ్య అని ఒకాయన. మాస్కు లేనిదే గుమ్మం దాటడు. అతన్ని చూస్తే మేస్త్రీకి నవ్వు.

"ఏం బాబయ్యా, ముసుగేసుకోని దొంగతనానికి బయల్దేరినావా?"

"మా ఇంటామెకు భయపడి మేస్త్రీ. రాత్రి దగ్గితే చాలు, నన్నూ నా పరుపునూ బయటేస్తాది."

అందరూ నవ్వేవాళ్లు. మీరూ నవ్వుతున్నారు, నవ్వండి, తప్పులేదు. కానీ ఆ నవ్వు ఊరికే పోలేదు. మేస్త్రీయే వేసుకోనిది మనకెందుకని, సగం షెడ్డు మాస్కులు తీసి మేకుకు తగిలించింది.

చివరికి మేనేజరు పిలిచి చెప్పాడు. మంగళవారం నుంచి మాస్కు లేకుండా కనిపిస్తే మేస్త్రీ పని పోతుంది, ప్యాకింగుకు పోవాల్సిందే అని.

ఆ మంటతోనే ఆదివారం మఠానికి వచ్చాడు నంజుండప్ప.

వీరశైవుల మఠం. చిన్నది. రెండు గదులు, వెనకాల రేకుల వంటిల్లు. అక్కడి గురువు మరుళయ్యస్వామి. మాటలు తక్కువ మనిషి. ఆ పొద్దున ఆయన ముంగిట్లో విభూతి ఉండలు ఎండబెట్టుకుంటున్నారు.

నంజుండప్ప సాష్టాంగపడి లేచాడు.

"సామీ, రేపు సోమవారం. పాపకు మీరొచ్చి లింగం కట్టాల."

ఇది మామూలు కోరిక కాదండీ. ఆ సంప్రదాయంలో పుట్టిన బిడ్డకు గురువు తన చేత్తో మెడలో లింగం కట్టాలి. పెళ్లయిన చాన్నాళ్లకు, మొక్కని దేవుడు లేకుండా మొక్కితే పుట్టిన ఆడపిల్ల. అతని ప్రాణాలన్నీ ఆ పిల్లమీదే.

"వస్తాలేప్పా," అన్నారు స్వామి.

"ఇంగో సంగతి సామీ. నాకు పెద్ద అవమానం జరిగింది." జరిగిందంతా చెప్పుకున్నాడు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. "పొద్దున లేస్తే ఒళ్లంతా బూడిద పూసుకునేటోళ్లం. మనకు పొడి అంటే భయమేంది? అసలు నా పేరేంది? నంజుండప్ప! నంజు అంటే విషం. నంజుండేశ్వరుడంటే శివుడే గదా, విషాన్నే మింగినాడు. ఆయన పేరు పెట్టుకోని నేను మూతికి గుడ్డ కట్టుకుంటే ఆయనకే చిన్నతనం గదా సామీ!"

స్వామి చేతిలోని ఉండను రెండో వైపుకు తిప్పి పెట్టారు.

"మింగినాడా?"

"మింగలేదా మరి?"

స్వామి ఇంకో ఉండ అందుకున్నారు. "సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆ పొడి నీ ఒంటిమీద ఎంత ఉంటాదప్పా?"

"ఏముంటాది సామీ, దులుపుకునే పోతా. మహా అంటే చిటికెడు."

స్వామి ఒక ఆరిన ఉండను అరచేతిలో వేసుకుని, మెత్తగా నలిపి, పొట్లం కట్టి ఇచ్చారు.

"రేపు పని దిగినంక ఆ స్నానాల గదిలో తలమీదికి బాగా నీళ్లు పోసుకో. ఉతికిన గుడ్డలు కట్టుకో. ఆ పొడి రవ్వంత కూడా నీ మీద ఉండగూడదు. అప్పుడు ఈ విభూతి చిటికెడు తీసుకోని చేతులకింత, తలకింత, చొక్కాకింత పూసుకో. ఆ తర్వాత దినామూ ఇంటికెట్ల వస్తావో అట్లే రా. ఏం చేస్తావో అదే చెయ్యి. నేను ముందే వచ్చి కూర్చోనుంటా."

నంజుండప్ప పొట్లాన్ని కళ్లకద్దుకున్నాడు. గురువుగారు నలిపిచ్చిన విభూతి! సామి నా పక్కే అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం అతను స్నానాల గదిలోకి పోతుంటే బాబయ్య చూశాడు.

"మేస్త్రీ! దారి తప్పినావా? అది స్నానాల గది!"

"మా పాప పండగలే, పోవయ్యా."

ఒళ్లు తోముకున్నాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. చెప్పినట్టే చిటికెడు విభూతి పూసుకున్నాడు. అద్దంలో చూసుకుంటే పూసుకున్నట్టే లేదు.

అతనిది చిన్న ఇల్లు. లోపలంతా కడప నల్లబండలు పరిచి ఉన్నాయి. గురువుగారు వస్తున్నారని భార్య గంగాంబ మధ్యాహ్నమే కడిగి అద్దంలా తుడిచింది. నడిమధ్య నల్ల కంబళి పరిచి, దానిమీద పాపను పడుకోబెట్టింది. బుగ్గమీద కాటుకతో దిష్టిచుక్క. పక్కన పళ్లెంలో పూలు, గుగ్గిళ్లు, పాపకు కట్టబోయే లింగం. గోడవారగా స్వామి కూర్చుని ఉన్నారు.

నంజుండప్ప రోజూ వచ్చినట్టే వచ్చాడు. గొళ్లెం తీశాడు. చొక్కా విప్పి ఒక్కసారి విదిలించి, పాప గుడ్డలు ఆరేసిన దండేనికే వేశాడు. చెంబు బిందెలో ముంచి గటగటా నీళ్లు తాగాడు. గుగ్గిళ్లు గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత కంబళిమీద చతికిలబడి పాపను ఎత్తుకున్నాడు.

"ఏమ్మా నా తల్లీ, ఏం జేస్తాండావు? నాయన కోసం చూస్తాండావా?" బుగ్గకు బుగ్గ రుద్దాడు. ఆ పిల్ల బోసినోటితో నవ్వి, తండ్రి వేలు పట్టుకుని నేరుగా నోట్లో పెట్టుకుంది.

"ఇంగ కట్టండి సామీ."

స్వామి లేవలేదు. "గంగమ్మా, ఆ పడమటి తలుపు తెరువు తల్లీ."

తెరిచింది. పొద్దు వాలుతున్న వేళ. ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి నల్లబండలమీద పరుచుకుంది.

గొళ్లెంమీద తెల్లగా వేళ్ల అచ్చులు. చెంబుమీద వేళ్లు. బిందె అంచుమీద, గుగ్గిళ్ల పళ్లెంమీద. దండెం కింద బండమీద పలచగా, ముగ్గు చల్లినట్టు. కంబళిమీద అరచెయ్యి అచ్చుపడి ఉంది. పాప బుగ్గమీది దిష్టిచుక్క తెల్లబడింది. పెదవి చివర తెల్లటి చార.

"అయ్యో, ఇప్పుడే గదా తుడిచింది," అంటూ గంగాంబ చీపురందుకుని ఒక్క ఊడ్పు ఊడ్చింది.

ఎండలో ధూళి లేచింది. మెల్లగా తిరిగింది. తిరిగి తిరిగి, తొందరేమీ లేనట్టు, కంబళివైపు దిగడం మొదలుపెట్టింది. ముగ్గురూ చూశారు. నంజుండప్ప చప్పున పాపమీదికి వంగాడు.

"చీపురొద్దమ్మా," అన్నారు స్వామి. "తడిగుడ్డ తే."

పెద్దాయన తానే వంగి గొళ్లెం తుడిచారు. బిందె తుడిచారు. బండలు తుడుస్తుంటే నంజుండప్పకు ప్రాణం ఒప్పలేదు. పాపను తల్లికిచ్చి పరుగెత్తాడు.

"మీరు తుడవడమేంది సామీ! ఇట్లియ్యండి," అని చెయ్యి చాపాడు.

స్వామి గుడ్డ ఇవ్వలేదు. చాపిన చేతివైపు చూశారు.

నంజుండప్ప కూడా చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది విభూతి," అన్నారు స్వామి గుడ్డ పిండుతూ. "బిడ్డ నోట్లో పడినా శివప్రసాదమే. ఏం గాదు."



నంజుండప్ప దొడ్లోకి పోయాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. మోచేతుల దాకా, మెడదాకా, మళ్లీ తలమీదికి. తడి పంచెతో వచ్చి గడప అవతలే ఆగిపోయాడు. లింగం సంగతి ఎత్తలేదు. ఎత్తే ధైర్యం లేదు.

ఈలోగా గంగాంబ చేతులు కడుక్కుని పాప మొహం తుడిచింది. కంబళి తీసేసి, ఇంకోటి పరిచింది.

"రాప్పా," అన్నారు స్వామి. "బిడ్డను ఒళ్లో పెట్టుకో."

లోపలికొచ్చి కూర్చున్నాడు. పాపను తీసుకునే ముందు చేతులు ఇటూ అటూ తిప్పి ఎండలో చూసుకున్నాడు.

స్వామి మంత్రం చెప్పి, లింగాన్ని పాప మెడలో కట్టారు. ముడి వేశాక, వేలి కొసతో ఆ పసిగొంతును మెల్లగా తాకారు.

"మింగలేదప్పా. ఈడ ఆపినాడు. లోపల లోకాలున్నాయి గదా."

మంగళవారం పొద్దున షెడ్డు గుమ్మం దగ్గర మాస్కు తొడుక్కుంటున్నాడు మేస్త్రీ. మూలనుండే చీపురు ఆ మూలలో లేదు.

"బాబయ్యా, వెనకాల పట్టీ సరిగ్గా ఉండాదేమో చూడు."

బాబయ్య చూశాడు. బిగించాడు. ఊరుకుంటాడా?

"దొంగతనానికేనా మేస్త్రీ?"

నంజుండప్ప నవ్వాడో లేదో మాస్కు వెనకాల తెలియలేదు. గడ్డం కింద అంచును సరిచేసుకుంటున్న చెయ్యి మాత్రం గొంతుమీదికి జారి, కాసేపు అక్కడే ఆగింది.