గిజిగాడు రాయని ఒక్క ముక్క

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవుగాక!

అనగనగా ఒక మండువేసవి. ఆ ఎండకి బండరాళ్ళకే దాహమేసి నాలుకలు చాచాయి. ఆ అడవిలో గడ్డిగోపన్న అనే గిజిగాడు ఒక వెబ్‌సైట్ అల్లాడు. ఏ మడుగులో నీళ్ళున్నాయో అందులో చూసుకునే ముప్పైమూడు కోట్ల పక్షులూ ఎగిరేవి.

ఒకనాడు దానికి మరమ్మతు వచ్చింది. ఎండిన మడుగుల పేర్లు తీసేయాలి. ఆ పని అయ్యేదాకా తలుపు మూయాలి.

"దానికేముంది నాయనా!" అంది ఉడుత అవ్వ. "పాత పేజీ పక్కకి లాగి, దాని చోట నీ ముక్కుతోనే ఒకటి రాసిపెట్టు. 'మరమ్మతు జరుగుతోంది, పొద్దువాలాక రండి, అందాకా కొండవాగులో తాగండి' అని."

"ముక్కుతోనా! నలుగురూ నవ్విపోతారవ్వా. అడవంతా ప్లగిన్లు తగిలిస్తుంటేనూ!"

ప్లగిన్ అంటే ఎవరో చేసిపెట్టిన అరువు పనిముట్టు.

మొదటిది తలుపు ఎంత గట్టిగా బిగించిందంటే, గోపన్ననే లోపలికి రానివ్వలేదు. నానా తంటాలు పడి దాన్ని పీకేశాడు. రెండోది ఏడు రంగుల తెర కట్టింది, తెర మీద ఒక్క మాటా లేదు. దాన్నీ పీకి మూడోది తగిలించాడు. లోపలి నుంచి చూస్తే అంతా భేషుగ్గా ఉంది.

"బయటికొచ్చి ఒక్కసారి చూసుకోరా," అంది అవ్వ.

"పనిలో ఉన్నానవ్వా, విసిగించకు!"

బయట తెరా లేదు, మాటా లేదు. పాత పేజీయే వేలాడుతోంది.

అప్పుడే కొంగమ్మ వచ్చింది. గూట్లో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. 'తూర్పుమడుగు నిండుగా ఉంది' అని చదువుకుని అటు ఎగిరింది. ఆ మడుగు బురదై, బురద బీటలై ఇరవై రోజులు.

పొద్దువాలాక కొండవాగు నీళ్ళు ముక్కున పట్టుకొచ్చింది. రెండు పిల్లలు నోళ్ళు తెరిచాయి. మూడోది తెరవలేదు.

గోపన్న తల వంచుకుని వెళ్ళాడు. కొంగమ్మ తిట్టలేదు. "వాకిట్లో ఒక్క ముక్క ఉంటే ముందే వాగుకి పోయేదాన్ని కదా తమ్ముడూ," అంది, అంతే.

అప్పటినుంచీ తలుపు మూసిన ప్రతిసారీ గోపన్న తన ముక్కుతోనే రాశాడు. బయట కొమ్మ మీద కూర్చుని మూడుసార్లు చదువుకున్నాడు. ఇంకే పిట్టా దారి తప్పలేదు. కానీ ఆ చిన్న నోరు మళ్ళీ తెరుచుకోలేదు. గిజిగాళ్ళు సగం అల్లి వదిలేసిన గూళ్ళు కనిపిస్తాయే, అవన్నీ ఆ పిల్ల గుర్తొచ్చి ముక్కు ఆడక ఆగిపోయినవే.

మూసిన తలుపు మీద మాట మన చేత్తోనే రాయాలి, రాసి, వచ్చేవాళ్ళ కళ్ళతో చదువుకోవాలి. ఊఁ, లే మరి, పెరటిగోడ మీది మూకుడు ఎండిపోయింది, పిట్టలకి నీళ్ళు పోసిరా.